నలభై తొమ్మిదేళ్లకు డ్రాయింగ్ క్లాసు: ఎక్కడ చేరాలి?

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. హైదరాబాద్‌లో నిజాంపేట దగ్గర ఉంటాం. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. చిన్నప్పుడు బొమ్మలు బాగా వేసేదాన్ని, టెన్త్ తర్వాత ఆగిపోయింది. అమ్మాయి ఉద్యోగంలో చేరింది కాబట్టి ఇప్పుడు శని, ఆదివారాలు నా చేతిలో ఉన్నాయి. మూడు చోట్ల కనుక్కున్నాను. ఒకటి మూడు నెలల పెయింటింగ్ కోర్సు, 18 వేలు. మొదటి నెలలోనే ఫ్రేమ్ కట్టించుకునే పెయింటింగ్స్ మూడు వేయిస్తామన్నారు. రెండోది ఫోటోగ్రఫీ డిప్లొమా, 40 వేలు, కెమెరా మనమే కొనుక్కోవాలి. మూడోది గ్రాఫిక్ డిజైన్, 65 వేలు, జాబ్ గ్యారంటీ అంటున్నారు. రేపు ఇంట్లో కూర్చుని సంపాదించుకోవచ్చు, డిజైన్‌లో చేరమని మా అమ్మాయి పట్టుబడుతోంది. యూట్యూబ్‌లో అన్నీ ఫ్రీగా ఉండగా డబ్బు పోయడం ఎందుకని మావారు అంటారు. ఇరవై ఏళ్ల పిల్లల మధ్య కూర్చోవాలంటే నాకే టెన్షన్‌గా ఉంది. చేయి కూడా మునుపటిలా లేదు, గీత వణుకుతోంది. సర్టిఫికెట్ వల్ల ఉపయోగం ఉంటుందా? ఏది చేరమంటారు?

సమాధానం: ఈ మూడింటిలో దేనికీ ఈ నెల ఫీజు కట్టకండి. నెలనెలా ఫీజు తీసుకునే ఒక మామూలు డ్రాయింగ్ క్లాసు వెతకండి. పెన్సిలు, కాగితం, ఎదురుగా ఒక వస్తువు, మీ కాగితం చూసి తప్పు చెప్పే మాస్టారు ఉంటే చాలు. మూడు నాలుగు నెలలు అలా గడిచాక పెయింటింగా, ఫోటోగ్రఫీయా, డిజైనా అన్నది నన్ను అడగాల్సిన పని ఉండదు. నేను పెద్దవాళ్లకు డ్రాయింగ్ నేర్పే మనిషిని కాబట్టి ఈ మాటలో కొంత పక్షపాతం ఉంటుంది. ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

ముందు ఆ పెయింటింగ్ కోర్సు సంగతి. మొదటి నెలలో మూడు ఫ్రేములు అన్నారంటే లోపల ఏం జరుగుతుందో చెప్పొచ్చు. ఒక ఫోటో ప్రింటు ఇస్తారు. దాని మీద గళ్లు గీసి, కాన్వాస్ మీదా అవే గళ్లు గీసి, గడి గడికీ చూసి దించమంటారు. తొందరగా కావాలంటే కార్బన్ పేపరు పెట్టి ట్రేసింగ్ చేయిస్తారు. రంగులు ఏవి కలపాలో వాళ్లే చెబుతారు. చివరి అరగంటలో మాస్టారు బ్రష్ తీసుకుని కళ్లు, వెలుగు చుక్కలు, నీడలు తనే వేసేస్తారు. బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది. ఇంటికి తెచ్చి హాల్లో పెడితే చుట్టాలందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు విని, నాలుగో బొమ్మ సొంతంగా వేద్దామని కూర్చుంటే బల్ల మీదున్న గ్లాసు కూడా రాదు. పెద్దవాళ్లు క్లాసులు మానేసేది ఎక్కువగా ఇక్కడే. నాకు చేతకాదు, ఆ మూడూ ఎలా వచ్చాయో ఏమో అనుకుంటారు. నిజానికి వాళ్లకు నేర్పిందే లేదు.

చూసి దించడాన్ని నేను తక్కువ చేయడం లేదు. శ్రీకాళహస్తి కలంకారీలో గురువు గీసిన ముఖం, చేయి, నగ చూసి పదే పదే గీయడమే చదువు. అయితే అక్కడ గీత శిష్యుడిదే, ఎన్నాళ్లయినా ఆ గీత కుదిరేదాకా గీయాల్సిందే. ఫోటో గళ్లలో ఆ సాధన లేదు, ఫలితం మాత్రమే ఉంది.

కాబట్టి ఎక్కడికి వెళ్లినా డెమో క్లాసుకు కూర్చుని, మొదటి నెల దేన్ని చూసి గీయిస్తారని అడగండి. కుండ, గ్లాసు, కుర్చీ, మొక్క, మనిషి అన్నారంటే సగం పని అయినట్టే. రిఫరెన్స్ ఫోటోలు ఇస్తామంటే నవ్వి వచ్చేయండి. విద్యార్థి కాగితం మీద మాస్టారు తన చెయ్యి వేస్తారా, లేక అంచున విడిగా గీసి చూపిస్తారా అన్నది కూడా కూర్చుని గమనించండి. మంచి మాస్టారు మీ బొమ్మ ముట్టుకోరు. పక్కన ఖాళీలో చిన్నగా గీసి, మళ్లీ చూడమంటారు. గోడ మీద తగిలించిన బొమ్మల్ని మెచ్చుకోకుండా, రెండో వారం బ్యాచ్ వేసిన కాగితాలు చూపించమనండి. పది మందివీ ఒకేలా ఉంటే అది దించుడు క్లాసు. ఒకటి వంకరగా, ఒకటి పెద్దగా, ఒకటి మూలకు పోయి, ఎవరిది వాళ్లదిగా ఉంటే అక్కడ చేరొచ్చు. బ్యాచ్‌లో పదీ పన్నెండు మంది దాటితే రెండు గంటల్లో మీ కాగితం దాకా మాస్టారు రావడం కష్టం.

ఇరవై ఏళ్ల పిల్లల గురించి మీ టెన్షన్‌లో కొంత నిజముంది, కారణం మాత్రం వయసు కాదు. హైదరాబాద్‌లో చాలా డ్రాయింగ్ సంస్థలు బతికేది ఎంట్రెన్స్ కోచింగ్ మీద. ఆర్కిటెక్చర్‌కి నాటా, మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్ఏ అనే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీకి వేరే పరీక్ష, ఫ్యాషన్, డిజైన్ కాలేజీలైన నిఫ్ట్, ఎన్‌ఐడీల పరీక్షలు ఉండనే ఉన్నాయి. ఆ బ్యాచ్‌లలో గడియారం పెట్టుకుని, చూడకుండా, జ్ఞాపకం నుంచి బస్టాండు సీనో సంత సీనో గీయడం ప్రాక్టీసు చేయిస్తారు. మీకు కావలసింది దానికి నేరుగా ఎదురు. నెమ్మదిగా, ఎదురుగా ఉన్నదాన్ని చూస్తూ గీయాలి. అక్కడ కూర్చుంటే ఆ పిల్లల వేగం చూసి మీ చేయి ఇంకా బిగుసుకుంటుంది. పెద్దవాళ్లకు విడిగా హాబీ బ్యాచ్ ఉందా అని అడగండి. లేదంటే వేరే చోటు చూసుకోండి.

ఇక చేయి వణకడం. కాఫీ కప్పు పట్టుకున్నా, ఊరికే కూర్చున్నా వణుకుతుంటే ఒకసారి డాక్టరుకు చూపించండి. గీసేటప్పుడు మాత్రమే వణికితే అది పట్టు సమస్య. మీరు పండక్కి వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు చేయి వణుకుతుందా? వణకదు. మెలికల ముగ్గులో గీత చుక్కల మధ్య ఎన్ని మలుపులు తిరిగినా సాఫీగా పోతుంది. ఎందుకంటే అక్కడ భుజం నుంచి చేయంతా కదులుతుంది, మణికట్టు నేల మీద ఆనదు, పిండిని ఎవరూ నొక్కిపట్టరు. కాగితం ముందు కూర్చోగానే మనం పెన్సిల్‌ని లెడ్జర్‌లో అంకెలు రాసేటప్పుడు పెన్ను పట్టినట్టు మొనకి దగ్గరగా బిగించి, మణికట్టు ఆనించి, అంగుళం అంగుళం గీస్తాం. అకౌంట్స్ మనిషికి అది ఇంకా గట్టి అలవాటు. అట్టని ఒళ్లో వాలుగా పెట్టుకోండి, పెన్సిల్‌ని బాగా వెనక పట్టుకోండి, కాగితానికి ఆనీ ఆననట్టు భుజంతో పొడవాటి గీతలు గీయండి. రబ్బరు అవతల పెట్టేయండి. తప్పు గీత పక్కనే ఒప్పు గీత గీస్తే చాలు, తప్పుని చెరపక్కర్లేదు. కొన్ని వారాల్లో గీత చాలావరకు తేరుకుంటుంది. సామాను పెద్దగా అక్కర్లేదు. హెచ్‌బీ, 2బీ, 6బీ పెన్సిళ్లు, ఏ3 సైజు స్కెచ్ బుక్కు, ఒక అట్ట, రెండు క్లిప్పులు. సెట్లు, పెట్టెలు కొనమని ఒత్తిడి చేసే చోటు మీద నాకు నమ్మకం తక్కువ.

అసలు కష్టం చేతిలో లేదు, కంటిలో ఉంది. ఈ రాత్రి ఇంట్లో ఎవరినైనా ఒక ముఖం గీయమనండి. కళ్లను నుదుటికి దగ్గరగా, పైకి పెడతారు. తల పై కొస నుంచి గడ్డం కింది దాకా కొలిస్తే కళ్లు సరిగ్గా మధ్యలో ఉంటాయి. పై సగమంతా నుదురూ జుట్టూ అని మనకి తోచదు, ఎందుకంటే మనం ముఖంలో చూసేది కళ్లు, ముక్కు, నోరే. గ్లాసు గీయమంటే మూతిని గుండ్రంగా వేసి, అడుగుని అడ్డగీతలా గీస్తారు. గ్లాసు బల్ల మీద సమంగా కూర్చుందని మనకి తెలుసు కదా, అందుకని. కొంచెం పైనుంచి చూస్తే అడుగు కూడా వంపే, పైగా మూతి కంటే అడుగు వంపే ఇంకా గుండ్రంగా కనిపిస్తుంది, మన కంటి మట్టానికి అది ఇంకా కిందున్నది కాబట్టి. తెలిసినదాన్ని గీయడం మాని కనిపించినదాన్ని గీయడం, మొదటి మూడు నెలల్లో నేర్చుకునేదంతా ఇదే. చేయి చాచి, ఒక కన్ను మూసి పెన్సిల్‌తో కొలవడం, కుర్చీ కాళ్లని వదిలి కాళ్ల మధ్య ఖాళీల ఆకారం గీయడం, కాగితం వైపు చూడకుండా వస్తువు అంచు వెంబడి కన్నూ పెన్సిలూ కలిపి నడపడం, ఇలాంటివన్నీ కన్నుని దారిలో పెట్టడానికే. చివరిది వింతగా వస్తుంది, నవ్వుకుంటారు, ఫరవాలేదు.

మీవారి యూట్యూబ్ మాట ఇక్కడ తేలిపోతుంది. రంగులు కలపడం, ఏదైనా సాఫ్ట్‌వేర్‌లో ఫలానా బటన్ ఎక్కడుందో తెలుసుకోవడం లాంటివాటికి ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, డబ్బు దండగే. కానీ మీ గ్లాసు అడుగు చదునుగా వచ్చిందని వీడియో చెప్పదు. మీకు కనిపించదు కాబట్టే కదా అలా గీశారు. మీరు ఫీజు కట్టేది ఆ ఒక్క మాట చెప్పే మనిషికి. ఆన్‌లైన్ క్లాసు అయినా సరే, వారం వారం మీ కాగితం ఫోటో తీసి పంపితే దాని మీద గుర్తులు పెట్టి తిప్పి పంపే మాస్టారు ఉంటే చేరొచ్చు.

ఐదారు వారాలకు ఒక చిక్కు వస్తుంది, ముందే చెప్పి ఉంచుతాను. అప్పటికి కన్ను పదునెక్కుతుంది, చేయి ఇంకా అందుకోదు. మొదటి వారం బాగుందనిపించిన బొమ్మ ఇప్పుడు చిరాకు తెప్పిస్తుంది, కొత్తది దానికంటే నచ్చదు. దిగజారిపోయానని అనుకుని మానేస్తారు. ఆ సమయంలో ఆఫీసులో క్లోజింగ్ కూడా వచ్చిందంటే మానడానికి మంచి సాకు దొరుకుతుంది. ఒక వారం పోయినా పోనివ్వండి గానీ రెండో వారం వెళ్లండి. మధ్యలో ఇంట్లో రోజూ ఇరవై నిమిషాలు గీస్తే సరిపోతుంది. స్టీలు గిన్నె, చెప్పులు, నిద్రపోతున్న మీవారు, ఏదైనా. కాగితం మీద తేదీ వేయండి. వాట్సాప్ స్టేటస్‌లో కొన్నాళ్లు పెట్టకండి, మెచ్చుకోళ్ల కోసం గీయడం మొదలైతే మళ్లీ సులువు బొమ్మల్లోకి జారతాం.

నెలకో రెండు నెలలకో ఒకసారి సాలార్‌జంగ్ మ్యూజియానికి స్కెచ్ బుక్కు పట్టుకుని వెళ్లండి. శుక్రవారం సెలవు. అక్కడ ఒకే చెక్కలో ఒకవైపు ఫౌస్ట్ నాటకంలోని దయ్యం మెఫిస్టోఫిలిస్, రెండోవైపు అదే నాటకంలోని అమ్మాయి మార్గరెట్టా ఉన్న శిల్పం ముందు అందరూ నిమిషం నిలబడి సెల్ఫీ తీసుకుని వెళ్లిపోతారు. అరగంట నిలబడి ఆయన భుజం ఏ కోణంలో ఉంది, ఆమె తల ఎంత వంగింది అని గీసి చూడండి. గీసిన బొమ్మ బాగుండకపోవచ్చు, శిల్పం మాత్రం ఎప్పటికీ గుర్తుంటుంది. మొదట్లో వెనక నిలబడి చూసేవాళ్లు ఉంటారు, వాళ్లకి ఐదు నిమిషాల్లో విసుగొస్తుంది.

ఫోటోగ్రఫీ మీద నిజంగా ఆశ ఉంటే నలభై వేలూ, కెమెరా ఖర్చూ రెండూ ఇప్పుడే అక్కర్లేదు. మీ ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే షట్టర్ వేగం, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలన్న సెట్టింగ్) మార్చి చూడొచ్చు. ఒకే కిటికీ పక్కన ఒకే వస్తువుని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తీసి పక్కపక్కన పెట్టుకుంటే వెలుగు ఏం చేస్తుందో డిప్లొమా మొదటి నెల కంటే బాగా తెలుస్తుంది. వెనక దృశ్యం మసకబారే ఫోటోలు కావాలి, చీకట్లో తీయాలి, ఫోన్ చాలడం లేదు అనిపించినప్పుడు వాడిన కెమెరా ఒకటి, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి తీసుకుంటే చాలాకాలం నడుస్తుంది. ఇక్కడ కూడా దించుడు క్లాసులున్నాయి. మోడల్ షూట్ అంటారు. లైట్లు మాస్టారే పెడతారు, మోడల్‌ని నిలబెడతారు, ఇరవై మంది అక్కడే నిలబడి క్లిక్ కొడతారు. ఇరవై మందికీ అదే ఫోటో వస్తుంది. వారం వారం మీరు సొంతంగా తీసిన పది ఫోటోలు అందరి ముందు వేసి, ఇది ఎందుకు కుదర్లేదని మాట్లాడే క్లాసు దొరికితే అక్కడ డబ్బు పెట్టండి.

వయసు సంగతి అడిగారు కాబట్టి మన ఊరి మనిషి ఒకరిని గుర్తు చేస్తాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రజా పనుల శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం చేశారు. కెమెరా పట్టింది 1874 ప్రాంతంలో, ముప్పై ఏళ్లకు. భవనాల ఎస్టిమేట్లు వేసి, ప్లాన్లు గీసిన కన్నే ఆయన తీసిన కోటల, రాజభవనాల ఫోటోల్లో కనిపిస్తుందని నేననుకుంటాను. 1892లో ఆయన హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే విడిగా ఒక స్టూడియో తెరిచారు. లోపలికి మగవాళ్లకు ప్రవేశం లేదు, ఒక యూరోపియన్ మహిళ దాన్ని నడిపేది. ముప్పైకీ నలభై తొమ్మిదికీ తేడా ఉందంటారా, ఉంది. కానీ లెక్కలు చూసే ఉద్యోగంలో ఇన్నేళ్లు కొలతా ఓపికా అలవాటైన మనిషి మీరు. డ్రాయింగ్‌లో ఆ రెండూ పనికొస్తాయి. ఇరవై ఏళ్లవాళ్లకి లేనివి కూడా అవే.

ఇప్పుడు అమ్మాయి మాట. ఆ 65 వేల కోర్సు సిలబస్ తెప్పించుకుని చూడండి. అందులో సాఫ్ట్‌వేర్ల పేర్లే వరసగా ఉంటే అది డిజైన్ కోర్సు కాదు, సాఫ్ట్‌వేర్ కోర్సు. ఆ పని ఇంక్‌స్కేప్, గింప్, క్రిటా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో ఇంట్లో కూర్చుని మొదలుపెట్టొచ్చు, ఇక్కడ మీవారి యూట్యూబ్ చాలు. డిజైన్ అంటే అక్షరం ఎంత పెద్దది, దాని చుట్టూ ఎంత ఖాళీ, కన్ను ముందు ఎక్కడికి పోవాలి అన్న నిర్ణయాలు. మన వీధిలో ఫ్లెక్సీలే చూడండి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే దూరమే తెలుగు లైన్ల మధ్య ఉంచేస్తారు. పై లైను వత్తులు కింది లైను గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. తెలుగుకు లైన్ల మధ్య ఎక్కువ జాగా కావాలని తెలియడం డిజైన్, ఆ జాగా పెంచే బటన్ తెలియడం సాఫ్ట్‌వేర్. రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. అవి పెట్టుకుని మీ అపార్ట్‌మెంట్ నోటీసు ఒకటి అందంగా చేసి చూడండి, ఈ పని మీకు నచ్చుతుందో లేదో ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది. ఐఐటీ బాంబే వాళ్ల డి-సోర్స్ వెబ్‌సైట్‌లో డిజైన్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయం పోర్టల్‌లో ఐఐటీల వాళ్ల ఎన్‌పీటెల్ కోర్సులు చదవడానికి డబ్బు అక్కర్లేదు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. మాదాపూర్ నిఫ్ట్ వాళ్లు ఉద్యోగస్తుల కోసం కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ కోర్సులు నడుపుతారు. అవి ఎంట్రెన్స్ రాసి చేరే డిగ్రీలకు వేరు, ఆ ఏడాది ఏవి ఉన్నాయో, ఏ వేళల్లోనో అడిగి చూడండి.

జాబ్ గ్యారంటీ అన్నవాళ్లని ఒక్కటే అడగండి: ఎన్ని నెలల్లో, కనీసం ఎంత జీతానికి, ఇప్పించకపోతే ఎంత వెనక్కిస్తారు, ఇది కాగితం మీద రాసిస్తారా? మాట మారుస్తారు. వాయిదాల్లో కట్టొచ్చు అంటే ఇంకా జాగ్రత్త. చాలాసార్లు అది కోర్సు ఫీజు వాయిదా కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీ నుంచి మీ పేరు మీద తీసిన లోను. రెండో నెలలో మానేసినా ఈఎంఐ ఆగదు. ఇలాంటివి నాకంటే మీకే బాగా తెలుసు, ఆశ మీదున్నప్పుడు మాత్రం అకౌంటెంట్లు కూడా సంతకం పెట్టేస్తారు. ఇక ఇంట్లో కూర్చుని సంపాదన అన్నది వస్తే రెండు మూడేళ్లకు, అదీ మెల్లగా. దాన్ని నమ్ముకుని మీ ఉద్యోగం వదలడం కుదరదని అమ్మాయికి చెప్పండి.

సర్టిఫికెట్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ప్రైవేటు సంస్థ ఇచ్చేది ఫైల్లో పెట్టుకోవడానికే. ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకు విలువ ఉంది, అది ముఖ్యంగా డ్రాయింగ్ టీచరు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకి. మీకు ఉద్యోగం అక్కర్లేకపోయినా ఒక గడువు, ఒక సిలబస్ ఉంటే తప్ప పని జరగదు అనుకునే స్వభావమైతే రాయొచ్చు. దూరవిద్య నడిపే ఇగ్నో యూనివర్సిటీలో విజువల్ ఆర్ట్స్ కింద పెయింటింగ్, అప్లయిడ్ ఆర్ట్ అని ఆరు నెలల సర్టిఫికెట్లు ఉన్నాయి, ఇంటర్ చదివి ఉండాలి. చేరే ముందు మీకు దగ్గరలోని స్టడీ సెంటర్‌లో ప్రాక్టికల్స్ నడుస్తున్నాయో లేదో స్వయంగా వెళ్లి చూడండి. చూసి దిద్దే మనిషి లేకపోతే పుస్తకాలు పోస్టులో వచ్చి అలాగే ఉంటాయి. బీఎఫ్ఏ నాలుగేళ్ల ఫుల్‌టైమ్ చదువు, మీ ఉద్యోగంతో కుదరదు.

ఈ శనివారం రెండు చోట్ల డెమోకి వెళ్లండి. నచ్చిన చోట ఒక్క నెలకే ఫీజు కట్టండి, మూడు నెలలకి కలిపి కడితే తగ్గింపు ఇస్తామన్నా సరే. మొదటి క్లాసులో గీసిన కాగితం దాచి ఉంచి, నాలుగు వారాలయ్యాక అదే వస్తువుని అదే చోట కూర్చుని మళ్లీ గీయండి. రెండూ మాస్టారి ముందు పెట్టి ఏం తేడా వచ్చిందని అడగండి. బాగా ఇంప్రూవ్ అయ్యారండీ అని పొగిడి ఊరుకుంటే ఇంకో క్లాసు వెతకండి. వేలు పెట్టి ఈ వంపు కుదిరింది, ఈ నీడ ఇంకా తేలిగ్గా ఉంది అని చూపించగలిగితే రెండో నెల ఫీజు అక్కడే కట్టేయండి.